మట్టిగోడలో సందు

దుర్మతి నామ సంవత్సరం, ఎండాకాలం. వాగులు ఎండిపోయిన ఒక కొండ అడవిలో, అనగనగా గంగులు అనే కొమ్ముపిట్ట ఉండేవాడు. అతని పెళ్లాం పేరు పోలమ్మ. ముక్కు మీద కొమ్ము ఉంటుంది కాబట్టి ఆ పిట్టలకు ఆ పేరు.

వాటి ఆచారం వినండి పిల్లలూ. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. తొర్ర నోటిని మట్టితో మూసేస్తాయి. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతాయి. లోపల ఆడపిట్ట ఈకలు రాలిపోతాయి, ఎగరలేదు. మగపిట్ట ఆ సందులోంచి అందిస్తేనే తల్లికీ పిల్లలకీ తిండి.

పోలమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. గంగులు పండ్ల కోసం మేడిచెట్టుకు వెళ్లాడు. ఆ ఏడు కాసింది ఆ ఒక్క చెట్టే. దాన్ని కోతులు ఆక్రమించుకున్నాయి. ఒక ముసలికోతి గంగులును తోక పట్టి ఈడ్చి కింద పడేసింది.

"ఏం గంగులు బావా! పెళ్లాన్ని గోడ కట్టి దాచావు. ఇప్పుడు వట్టి ముక్కుతో పోతావా?" అని తోటి కొమ్ముపిట్టలు పగలబడి నవ్వాయి.

గంగులుకు తల కొట్టేసినట్టయింది. తొర్ర దగ్గరికి రాగానే పోలమ్మ సందులోంచి ముక్కు చాచింది.

"ఏం తెచ్చావయ్యా? పిల్లలు ఏడుస్తున్నారు" అంది.

అడిగింది తిండే. గంగులుకు మాత్రం ఆ నవ్వులే వినిపించాయి. "నన్నే నిలదీస్తావా?" అని అరిచాడు.

రెండో రోజూ కోతులు తరిమాయి. ఆ రోజు గంగులు అరుపుతో ఆగలేదు. చాచిన ముక్కు మీద తన ముక్కుతో పొడిచాడు. వెనక్కి జరగడానికి పోలమ్మకు చోటు లేదు.

పక్క కొమ్మ మీది వడ్రంగిపిట్ట ఇది చూసింది.

"ఒరే గంగులూ, 'కోతులు తరిమాయే, నా వల్ల కాలేదు' అని చెప్పరాదూ? పండు లేకపోతే పురుగులు తీసుకుపో. ఎండుమాను నేను చూపిస్తాను."

"మగపుట్టుక పుట్టి ఆ మాట పెళ్లాంతో చెప్పనా? నిన్ను అడుక్కోనా?"

"చెప్పడానికి సిగ్గు. పొడవడానికి లేదూ?"

గంగులు ఎగిరిపోయాడు.

మూడో రోజూ వట్టి ముక్కుతోనే వచ్చాడు. పోలమ్మ ఏమీ అడగలేదు. సందుకు కన్ను ఆనించి ఊరికే చూసింది. ఆ చూపు కూడా ఎగతాళే అనుకున్నాడు గంగులు. పొడిచాడు. ముక్కు కంట్లో దిగింది.

నెత్తురు చూశాడు. వడ్రంగిపిట్ట దగ్గరికి పరుగున పోయి, నోటినిండా పురుగులు తెచ్చాడు.

"పోలీ, ఇదిగో తిండి. కోతులు తరిమాయే. నా వల్ల కాలేదే" అన్నాడు. ఆ మాట అప్పుడు చెప్పాడు.

పోలమ్మ ముక్కు చాచలేదు. తిండి పెట్టేదీ పొడిచేదీ ఒకే ముక్కు. ఈసారి ఏది వస్తుందో ఆమెకెలా తెలుస్తుంది? రాలిన ఈకలూ మట్టీ కలిపి, పోలమ్మ ఆ సందును కూడా లోపలి నుంచి మూసేసింది.

ఎండకు రాయిలా బిగిసిన గోడను గంగులు పగలగొట్టేసరికి మర్నాడు సాయంత్రమైంది.

అప్పటికే ఆకలితో పిల్లలిద్దరూ చనిపోయారు. పోలమ్మకు కుడికన్ను పోయింది. ఈకలు వచ్చాక ఆమె ఒక్కతే కొండ దాటి వెళ్లిపోయింది.

నీతి: బయట ఎదురైన అవమానాన్ని ఇంట్లో చెప్పుకోవడం తలవంపు కాదు. దాన్ని ఇంట్లోవాళ్ల మీద తీర్చుకోవడమే తలవంపు.