కుడి అంచు

పట్టాభి మాస్టారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న వేస్తే కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఆ తర్వాత జవాబు చెప్పరు, ఎవరిదో సంగతి చెబుతారు. ముప్పై నాలుగేళ్ళు పెద్దాసుపత్రిలో కంటి పరీక్షలు చేసి రిటైరైన మనిషి ఆయన. ఇంటింటికీ తిరిగి కంటి జబ్బుల గురించి చెప్పే పని మా ఆరుగురికీ నేర్పడానికి వారానికి రెండు రోజులు వచ్చేవారు. అడిగినదానికి సూటిగా చెబితే ఈయన సొమ్మేం పోయిందని నేను చాలాసార్లు విసుక్కున్నాను.

ఆ రోజు ప్రశ్న వేసింది దమయంతి. పొద్దుటి నుంచీ మగ్గాలపేటలో తిరిగి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఈ జనం మన మాట ఎందుకు చెవిన పెట్టరండీ మాస్టారూ? నీటికాసుల జబ్బు నొప్పి లేకుండా వస్తుంది, కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది, ముందు పక్కచూపు పోతుంది, మధ్యచూపు ఆఖరి దాకా ఉంటుంది గనక మీకు తెలియదు అని గొంతు పోయేలా చెప్పాను. ప్రతి ఇంట్లోనూ ఒకటే పాట. పోగులు లెక్కపెట్టగలుగుతున్నాం, మా కళ్ళకేం ఢోకా లేదంటారు. ఒకాయన నా ముందే బట్ట మీద పోగులు లెక్కపెట్టి చూపించి, ఇక వెళ్ళి రమ్మన్నాడు. ఈ పిచ్చి నమ్మకం వీళ్ళకి ఎవరు అంటగట్టారో గానీ."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి మొదలుపెట్టారు.

అదే పేటలో, నేతగాళ్ళ సొసైటీ హాల్లో కంటి శిబిరం పెట్టారు. ఒక్క రోజులో నూట ఎనభై మంది వచ్చారు. పరీక్ష చేసేది మాస్టారొక్కరే. వచ్చినవాళ్ళలో వీరభద్రం ఒకడు. నలభై దాటి ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది. జాందానీ చీర నేయడంలో పేట మొత్తం మీద అతన్ని మించిన చెయ్యి లేదు. గోడకి తగిలించిన అట్ట మీది అక్షరాలు ఆఖరి వరస దాకా తడుముకోకుండా చదివేశాడు. అంతటితో ఊరుకోలేదు. భుజం మీది కండువా తీసి, వేలెడు మేరలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టి చెప్పాడు. మాస్టారు భూతద్దం పెట్టి చూస్తే లెక్క సరిపోయింది. ఆయన ముచ్చటపడి హాలంతా వినబడేలా అన్నారట. "పోగు లెక్కపెట్టే కంటికి ఢోకా లేదయ్యా." అందరూ నవ్వారు.

ఇక్కడ దమయంతి చప్పున తలెత్తి ఆయన వంక చూసింది.

వీరభద్రం వెళ్ళాక అతని భార్య మాణిక్యం ఒక్కతే వెనక్కి వచ్చింది. జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆ ఇంట్లో ఎడమ పక్క ఆమె, కుడి పక్క అతను. ఎవరి అంచు పువ్వులు వాళ్ళే వేసుకోవాలి. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"అయ్యా, మద్దిలో బుటా పువ్వులు మా బాగా వేత్తారండి. కుడి పక్క అంచులోనే పువ్వులు వదిలేత్తన్నారు. ఆయన బోజనానికి లేచినప్పుడు నేను ఇప్పి మళ్ళీ వేత్తన్నానండి. ఏడాది పైనుంచీ ఇదే పని. చెబితే తల కొట్టేసినట్టవుద్దని ఆయనకి చెప్పలేదు. ఆ పక్కన కంటికి ఏదో అయిందండి."

ఆమె వెనక ఇంకా అరవై మంది నిలబడి ఉన్నారు. మాస్టారు రాస్తున్న చీటీ మీంచి తలెత్తలేదు. "ఆఖరి వరస చదివాడమ్మా మీ ఆయన. అంత చూపు నాకే లేదు. వెళ్ళు, వెళ్ళు" అన్నారు. కంటి ఒత్తిడి కొలిచే పరికరం ఆయన పక్కనే పెట్టెలో ఉంది. అందరికీ చూడాలంటే పొద్దుపోతుందని ఆ రోజు పెట్టె మూత కూడా తీయలేదట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

చదువుకున్నాయన అంత గట్టిగా చెప్పాక తన అనుమానమే తప్పనుకుంది మాణిక్యం. మరో నాలుగేళ్ళు ఆ కుడి అంచు విప్పి వేస్తూనే ఉంది. చీరలు నిక్షేపంగా అమ్ముడయ్యాయి. అతనికి గుమ్మాలు తగిలేవి, పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనబడేవి కావు. పరధ్యానం అనుకున్నారు. చివరికి మధ్యలో బుటా కూడా తప్పుతుంటే ఆసుపత్రికి తీసుకొచ్చింది.

చూసింది మాస్టారే. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంట తలుపు సందులోంచి చూసినంత చూపు మిగిలింది. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఆ మిగిలింది నిలబడవచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదు. ఇలాంటప్పుడు ఆసుపత్రి వాళ్ళ నోటికి అలవాటైన మాట ఒకటుంది. ఆయన నోటికీ అదే వచ్చింది.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నావమ్మా? ఇంట్లో మనిషివి, ముందే చెప్పొద్దూ?"

"చెప్పానండి."

"ఎవరికి చెప్పావు?"

"మీకేనండి."

ఆయనకి గుర్తు రాలేదట. ఆ హాలు, ఆ కండువా, తనని వెళ్ళు వెళ్ళు అన్న మాట, అన్నీ ఆమె విడమరిచి చెప్పాక గుర్తొచ్చింది. ఆమె కోపంగా కూడా అనలేదు. ఇంకోసారి వచ్చి గట్టిగా చెప్పి ఉండాల్సింది, తప్పు నాదేనండి అంది. వీరభద్రం అక్కడే కూర్చుని ఉన్నాడు. తన అంచు ఇన్నేళ్ళుగా ఎవరు నేస్తున్నారో అతను వినడం అప్పుడే. భార్య ఎటు నిలబడి ఉందో కనబడక, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కున్నాడు. మళ్ళీ అతను మగ్గం గుంటలో దిగలేదు.

తోడబుట్టినవాళ్ళకి కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ గనక, అతని తమ్ముళ్ళిద్దరినీ పరీక్షకి రమ్మని మాస్టారు కబురు పెట్టారు. వాళ్ళు రాలేదు. పోగులు లెక్కపెట్టగలుగుతున్నాం, ఆ మాట మాస్టారే అన్నారు కదా అని తిరుగు కబురు పంపారు.

ఇంతవరకు చెప్పి ఆయన ఆగారు. ఆయన మీద నాకు అసహ్యం వేసింది, జాలీ వేసింది. దమయంతే మళ్ళీ అడిగింది.

"అయితే రేపు వెళ్ళి వాళ్ళకి ఏం చెప్పమంటారండీ?"

"ఇవాళ ఎన్ని ఇళ్ళకి వెళ్ళావు?"

"ఇరవై మూడండీ."

"ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు నీకేం చెప్పారు?"

దమయంతి ఆలోచించింది. "వాళ్ళేం చెప్పలేదండీ. నేనే అంతా చెప్పి వచ్చేశాను."

"నేనూ అంతేనమ్మా" అన్నారు మాస్టారు. "చెప్పి వచ్చేశాను."