గురువుగారి కునుకు, మురహరి స్పీకర్లు

ఇంట్లో కూర్చుని సంగీతం వినడానికి ఎలాంటి స్పీకర్లు తీసుకోవాలని మురహరి మా గురువుగారిని అడిగాడు. యజ్ఞేశ్వరశాస్త్రిగారికి గాత్రం నేర్పడం తప్ప ఇంకేమీ తెలియదు. రేడియోలో స్టేషను మార్చాలన్నా ఎవరో ఒకరు రావలసిందే. అయినా ఆయన్నే అడగడానికి కారణముంది. పాట శ్రుతిలో పడి సాఫీగా సాగిందా, ఆయన హాయిగా కునుకు తీస్తారు. స్వరం వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, కళ్లు తెరుస్తారు. బయటివాళ్లు దీన్ని బద్ధకం అనుకునేవారు. శిష్యులం మాత్రం ఆయన్ను నిద్రపుచ్చడానికి పోటీలు పడేవాళ్లం. ఆయన గురక పెడితే మాకు బిరుదు వచ్చినట్టే.

మురహరి అసలు బెంగ స్పీకర్ల గురించి కాదు. అతనూ, భార్య అలివేలూ గురువుగారి దగ్గరే కలిసి నేర్చుకున్నారు. పెళ్లైన కొత్తలో చిన్న టేపురికార్డరు ముందు పెట్టుకుని, ఒకే చాప మీద కూర్చుని వినేవారట. ఇప్పుడు హాలు నిండా సరంజామా చేరింది గాని, అలివేలు పిలిచినా రావడం మానేసింది. కూనిరాగం కూడా తీయడం లేదు. మేలైన స్పీకర్లు దొరికితే మళ్లీ వచ్చి పక్కన కూర్చుంటుందని అతని ఆశ. దుకాణంవాళ్లు విని చూడమని రెండు జతలు పంపారు. ఒకటి ఉంచుకుని ఒకటి తిప్పి పంపాలి. గురువుగారు ఏ జతకు నిద్రపోతే ఆ జతే ఉంచుకుంటానన్నాడు. నిద్రకు పిలిస్తే ఆయన ఎవరినీ కాదనలేదు. నేనూ వెంట వెళ్లాను.

సాయంత్రం, సన్నటి ముసురు. హాల్లో పరదాలన్నీ దించేసి ఉన్నాయి. చెరువు అడుగుకు దిగినట్టు పచ్చటి మసక. గోడవారగా బీరువాల్లాంటి పెద్ద స్పీకర్లు రెండు, వాటి పక్కన టిఫిన్ డబ్బాలంతటి చిన్నవి రెండు. ఎదురుగా నేల మీద సుద్దతో గీసిన గుర్తు, దాని మీద దుకాణంవాళ్లే పంపిన మెత్తటి కుర్చీ. ఒకటే. ధ్వని సరిగ్గా అక్కడే వచ్చి కలుస్తుందని, జానెడు పక్కకు జరిగినా అందం చెడుతుందని మురహరి విన్నవించి, గురువుగారిని అందులో కూర్చోబెట్టి తల కదపవద్దని బతిమాలాడు. ఫ్యాను ఆపేశాడు. కుక్కరు కూస్తుందని వంటింట్లో స్టవ్ ఆర్పించి తలుపు వేశాడు. గోడగడియారం ఏం పాపం చేసిందో గాని, దాన్ని దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోశాడు. ఇంత చేసి, జోలపాటలకు పేరుపడ్డ నీలాంబరి రాగమే పెట్టాడు గడుసువాడు.

పెద్దవి మోగాయి. గురువుగారు పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడిలా బిగుసుకుని కూర్చున్నారు. చిన్నవి మోగాయి. కళ్లు ఇంకాస్త విచ్చుకున్నాయి. మురహరి తీగలు అటుదిటు మార్చాడు, ఇటుదటు మార్చాడు, పాట మళ్లీ మొదలుపెట్టాడు. ఈలోగా ఆయన మంచినీళ్లు కావాలంటూ లేచి వంటింట్లోకి నడిచారు, వెనకే నేనూ. తలుపు వెయ్యలేదు.

అలివేలు చిక్కుడుకాయలు ముందేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, ఆయన అక్కడే పీట వాల్చుకుని గోడకు చేరబడ్డారు. పొయ్యి చల్లగా ఉందేమని అడిగారు.

“ఆయన వింటున్నారు కదండీ. చప్పుడు కాకూడదు,” అంది.

గురువుగారు వెలిగించమన్నారు. మూకుడు వేడెక్కింది, ఆవాలు చిటపటలాడాయి. కిటికీ రేకు మీద చినుకులు. వీటన్నిటి మధ్యా హాల్లోంచి నీలాంబరి, మంచులో దారి వెతుక్కుంటూ వచ్చినట్టు, వంటింటిదాకా వచ్చింది. గరిటె తిప్పుతూ తిప్పుతూ అలివేలు ఎప్పుడు అందుకుందో నేను గమనించలేదు. పెదవులు కదిలీ కదలకుండా, పాట వెనకే ఒక అడుగు ఆలస్యంగా నడిచింది. గురువుగారి రెప్పలు వాలిపోయాయి.

ఆవాల చప్పుడుకు మురహరి, పెదవుల మీద వేలుంచుకుని, ఉరుకున వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. వేలు అక్కడే ఉంది గాని, దేనికోసం పెట్టుకున్నాడో అతనికే గుర్తున్నట్టు లేదు. కాసేపటికి చతికిలబడ్డాడు, అదీ గడప మీద. అక్కడ కూర్చోకూడదని పెద్దవాళ్లు చెప్పిన సంగతి కూడా మరిచాడు. చిక్కుడుకాయలు దగ్గరకు లాక్కుని ఈనెలు తీస్తూ, కింది షడ్జం పట్టుకుని సన్నగా శ్రుతి కలిపాడు. హాల్లో పాట ఎప్పుడో అయిపోయింది. వంటింట్లో అవలేదు. గురువుగారు గురక అందుకున్నారు.

చాలాసేపటికి అలివేలు ఇటు తిరిగి, గడప మీద మొగుణ్ణి చూసి, నవ్వొచ్చి ఆపేసింది. గురువుగారు కళ్లు తెరిచారు.

మురహరి చిక్కుడుకాయలతోనే లేచి నిలబడి, ఏ జత ఉంచుకోమంటారని అడిగాడు. నిద్ర పట్టినప్పుడు మోగుతున్నది ఏదని ఆయన ఎదురడిగారు. మురహరి ఆలోచించాడు. నా వైపు చూశాడు. నాకూ తెలియదు.

గురువుగారు పీట మీంచి లేచి, పంచె దులుపుకున్నారు.

“స్పీకర్లదేముంది నాయనా, ఏవైనా ఉంచుకో. ఆ కుర్చీ తిప్పి పంపించెయ్యి.”