ధర్మగంట తాడుకు మూడో ముడి

ఒకానొక రాజ్యంలో, శార్వరి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ విదియనాడు, మట్టి తవ్వి బతికే ఓబులమ్మకి అన్యాయం జరిగింది. ఇలాంటి కథల్లో ముందు రాజుగారి పేరు, ఆయన బిరుదులు, ఆయన గుర్రం పేరు చెప్పి, దెబ్బతిన్న మనిషి దగ్గరికి వచ్చేసరికి "ఒక పేదరాలు" అని సరిపెడతారు. ఇక్కడ ఆ పద్ధతి లేదు. ఆమె పేరు ఓబులమ్మ. రాజెక్కడికీ పోడు, తర్వాత వస్తాడు.

ఆ ఏడు ఏరు మాఘంలోనే ఎండిపోయింది. కోట కింద మట్టిపనివాళ్ల గుడిసెలు నలభై ఉన్నాయి. ఓబులమ్మ ఏటి ఇసకలో మనిషి లోతు తవ్వి చెలమ తీసింది. తియ్యటి ఊట. నలభై గుడిసెలూ ఆ నీళ్లే తాగాయి. విదియనాడు గజశాల అధికారి వచ్చి, పట్టపుటేనుగుకి ఈ నీళ్లే కావాలని చెప్పి, చెలమ చుట్టూ ముళ్లకంచె వేయించి కాపలా పెట్టాడు. ఆడవాళ్లు కోసెడు దూరం నడిచి చవిటిబావి నీళ్లు మోసుకురావడం మొదలుపెట్టారు. ఆ నీళ్లకి పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాంతులతో మంచాన పడ్డారు.

ఓబులమ్మ పదిహేను రోజులకి పైగా గజశాల గుమ్మం ముందు నిలబడింది. వినేవాడు దొరకలేదు. ఉగాది వెళ్లిన మూడోనాడు మధ్యాహ్నం ఖాళీ బాన నెత్తిన పెట్టుకుని కోట సింహద్వారం దగ్గరికొచ్చింది. అక్కడ పూర్వపు రాజులు కట్టిన ధర్మగంట ఉంది. దాని తాడు ఆమెకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆమె బానని బోర్లించి, దానిమీదికెక్కి, తాడు పట్టుకుని ఊగింది. గంట మోగింది. బాన పగిలింది. ఆమె పెంకుల మధ్య పడింది గానీ తాడు మాత్రం వదల్లేదు.

ఇప్పుడు రాజు వస్తాడు. మహీధర భూపతి భోజనం చేసి కునుకు తీస్తున్నాడు. పక్కన అడపం పెట్టెతో కూర్చుని మాచమ్మ వక్కలు కత్తిరిస్తోంది. రాజుకి తాంబూలం అందించడం ఆమె కొలువు. పాతికేళ్లుగా ఆ అడకత్తెర ఆమె చేతిలోనే ఉంది. సభలో ఆమెని ఎవరూ మనిషి కింద లెక్కేయరు కాబట్టి అన్ని మాటలూ ఆమె ముందే జరిగేవి. పాత తీర్పులు రాసిన కవిలెకట్టలు దాచే గది గుమ్మంలో రాజు కోసం గంటలకొద్దీ కాచుకునే రోజుల్లో, ఆ తాటాకులు తిరగేసి తనంతట తనే చదువు నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఏది చదవకూడదో కూడా ఎవరూ చెప్పలేదు.

గంట విని రాజు ఉలిక్కిపడి లేచాడు. ఆయనకి రెండు ఇష్టాలున్నాయి. ఒకటి తాంబూలం, రెండోది తన పూర్వులు. రోజూ పొద్దున వందిమాగధులు ఆయన వంశం పాడేవాళ్లు. ఆ పాట చంద్రుడి దగ్గర మొదలై, ఒక్క గంతులో ఆయన ముత్తాత సింహవిక్రముడి మీద వాలేది. మధ్యలో ఏముందని అడిగినవాళ్లు లేరు.

ఓబులమ్మని సభలోకి తెచ్చారు. మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. ఆమె నోరు తెరిచేలోపే ధర్మాధికారి కేశవభట్టు లేచాడు. ఆడది మోగించిన గంట గంట కాదన్నాడు. ఆ తాడు నిలబడ్డ మగవాడి ఎత్తిన చేతికి కొలిచి కట్టింది, ఆడదానికి అందలేదంటేనే ఆమెది కాదని అర్థం అన్నాడు. గంటని అపవిత్రం చేసినందుకు ఆమెనీ, ఆమె వాడనీ కోట పొలిమేర దాటించాలన్నాడు. ఇక చెలమ ఎవరిదన్న ప్రశ్నే ఉండదట. అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"ప్రభూ, తప్పు ఈమెది కాదు, తాడుది," అన్నాడు. "దయ తలిచి ఎవరో తాడు పెంచారు. పెంచిన కొద్దీ కిందివాళ్లు ఎగబడ్డారు. నేడు ఆడది వచ్చింది. రేపు పసివాడు వస్తాడు. ఎల్లుండి గాడిద వచ్చి తాడు నములుతుంది. మన పూర్వులు పెట్టిన హద్దు దగ్గరికి తాడుని కోసెయ్యండి."

పూర్వులు అన్న మాట వినగానే రాజు వెన్ను నిటారుగా అయింది. పూర్వుల హద్దే నా హద్దు, రేపు పొద్దున నా కళ్ల ముందే తాడు కోయాలి అని ఆజ్ఞ ఇచ్చేశాడు.

మాచమ్మ ఓబులమ్మ వైపు చూసింది. ఆమె ఏడవడం లేదు. నేలమీద పడ్డ తన నెత్తుటి చుక్కల్ని కాలి బొటనవేలితో తుడుస్తోంది, రాజుగారి నేల పాడవుతుందని. అది చూశాక మాచమ్మ చేతిలో వక్క తెగలేదు.

"ఏలినవారు అనుమతిస్తే ఆ కోత నేనే కోస్తాను," అంది తాంబూలం అందిస్తూ. "ఈ అడకత్తెర పాతికేళ్లుగా మీ సొమ్మే తింటోంది, ఒక్క రోజైనా రాచకార్యం చెయ్యనివ్వండి. కాకపోతే నాదొక చిన్న అనుమానం."

చెప్పమన్నాడు రాజు.

"తాడు కోస్తాం, బాగానే ఉంది. పదేళ్లు పోయాక ఈ ఓబులమ్మ పిల్లలొచ్చి, మా అమ్మ గంట కొట్టిననాడే చెలమ మాదైపోయింది అంటే? రాతలో ఏదో ఒకటి ఉండాలి కదా. భట్టుగారికి తెలియనిది కాదు."

కేశవభట్టు ముఖం వికసించింది. అడపం పట్టేదానికి కూడా ధర్మసూక్ష్మం తడుతోందని మెచ్చుకుని, అప్పటికప్పుడు తాటాకు తెప్పించి తన చేత్తోనే రాశాడు. పూర్వుల హద్దు దాటిన తాడుతో మోగిన గంట గంట కాదు. అలా మోగించి పొందినదేదీ మోగించినవాడికి గానీ, వాడి సంతతికి గానీ, ఎన్ని తరాలైనా చెల్లదు. 'ఎన్ని తరాలైనా' అన్న మాట ఆయనే కలిపాడు, గట్టిగా ఉంటుందని. రాజు ముద్ర వేశాడు.

మాచమ్మ ఆకుని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది.

తెల్లవారి సింహద్వారం ముందు సభ చేరింది. కాపలావాళ్ల మధ్య ఓబులమ్మ, ఆమె వెనక నలభై గుడిసెల జనం, మూటాముల్లెతో సహా. పొలిమేర దాటమంటే దాటడానికి సిద్ధమై వచ్చారు. రాజు ఆసనం మీద కూర్చున్నాడు. గోడకి నిచ్చెన వేశారు. మాచమ్మ యాభై ఏళ్ల మోకాళ్లని తిట్టుకుంటూ నాలుగు మెట్లెక్కింది. బొడ్లో అడకత్తెర, చంకలో కవిలెకట్ట.

అప్పుడు జనం ఆ తాడుని సరిగ్గా చూశారు. రోజూ దానికిందే నడిచినా ఎవరూ గమనించలేదు. అది ఒక తాడు కాదు, మూడు. పైన పట్టుతాడు. దానికి ముడేసి నూలుతాడు. దానికి ముడేసి జనపతాడు.

"ప్రభూ, ఇక్కడ ముడులు రెండున్నాయి," అంది మాచమ్మ. "పూర్వులేమో చాలామంది. ఏ ముడి దగ్గర కోయమంటారు?"

కేశవభట్టు విసుక్కున్నాడు. ముందు కింది ముడి కొయ్యమన్నాడు, జనపతాడు పాపమే ఇదంతా అన్నాడు.

"కోస్తాను. కోసేముందు ఎవరి కోసం కట్టారో చదవాలిగా, రాతప్రకారం వాళ్లు పొందింది వెనక్కి తీసుకోవాలి కాబట్టి." ఆమె కవిలె విప్పి చదివింది. గుర్రం లేని ఒక పండితుడి అగ్రహారాన్ని సామంతుడు ఆక్రమించుకున్నాడు. పండితుడు గంట కింద మూడు రోజులు నిలబడ్డాడు, తాడు అందలేదు. అప్పటి రాజు జాలిపడి, ఆ పండితుడి ఎత్తిన చెయ్యి కొలిచి జనపతాడు కట్టించాడు. గంట మోగింది. అగ్రహారం తిరిగి వచ్చింది. "పండితుడి పేరు నారాయణభట్టు. మంచి పొడగరి అని కూడా రాశారు. భట్టుగారూ, ఆయన మీ తాతగారే కదూ?"

కేశవభట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు.

"మగవాడి చెయ్యే అన్న నియమం ఇందులో ఎక్కడా లేదు బాబూ. ఆయన ఎత్తు ఎంతో అంతే కట్టారు. ఆయన ఎత్తే ఇన్నాళ్లూ మాకు శాస్త్రమైంది." అడకత్తెర నోరు తెరిచి జనపముడి మీద పెట్టింది. "మరి అగ్రహారం ఇవ్వాళే ఖాళీ చేస్తారా, నాలుగు రోజులు గడువు కావాలా?"

గుంపులో ఎవరో నవ్వారు. కేశవభట్టు గొంతు సవరించుకుని, పూర్వుల హద్దంటే అసలు జనపముడి కూడా కాదేమో, ఇంకా పైన చూడాలేమో అని గొణిగాడు. తాత ముడి నుంచి తప్పించుకుందామని ఆయన ఆలోచన. పై ముడి కింద ఎవరున్నారో ఆయనకి తెలియదు.

"అలాగే," అని మాచమ్మ ఇంకో రెండు మెట్లెక్కింది. "ఇది మొట్టమొదటి ముడి. దీనికి పైన పట్టుతాడే. అది ఏనుగుమీద కూర్చున్నవాడికి మాత్రమే అందేది, అంటే సామంతులకి. ఒకనాడు ఒక గుర్రపు రౌతు వచ్చాడు. యుద్ధంలో గెలిచింది తనైతే, పేరు సామంతుడు కొట్టేశాడని గోడు. తాడు అందక గుర్రం వీపుమీద నిలబడ్డాడు. రెండుసార్లు కింద పడ్డాడు. అప్పుడు ఈ నూలుతాడు కట్టారు. ఆనాటి ధర్మాధికారి ఏమన్నాడో కూడా ఉంది, వినండి. 'నేడు గుర్రపువాడికి అందితే, రేపు కాలినడకవాడు వస్తాడు.'"

ఆమె ఆకు దించి కేశవభట్టు వైపు చూసింది. "నిజమే చెప్పాడు మహానుభావుడు. కాలినడకవాడు వచ్చాడు. ఆ కాలినడకవాడి మనవడు మన ఎదుటే కూర్చున్నాడు. లోకమేమీ మునగలేదు."

రాజు నవ్వబోయి, ఎందుకో ఆగాడు. ఆ రౌతెవరని అడిగాడు.

"పేరు సింగడు, ప్రభూ. గంట మోగించి దళపతి అయ్యాడు. తర్వాత రాజుగారి కూతుర్ని పెళ్లాడి గద్దె ఎక్కాడు. ఎక్కాక పేరు కొంచెం పెరిగింది. సింహవిక్రముడన్నారు."

వందిమాగధులు నేల చూపులు చూశారు. మాచమ్మ అడకత్తెరని పట్టుకీ నూలుకీ నడుమ ఉన్న ముడి మీద ఆనించింది. ఆ పిడి నొక్కమంటే రాజ్యం పోతుంది, నొక్కొద్దంటే రాజు మాట పోతుంది. రెండిట్లో దేనికైనా మాచమ్మ తల పోవచ్చు. కింద నలభై గుడిసెల జనం మూటలు దించకుండా చూస్తున్నారు.

"మీ ముద్ర ఉన్న రాత ఇది. ఎన్ని తరాలైనా చెల్లదని ఉంది," అంది మెల్లగా. "పూర్వుల మీద మీ భక్తి నాకు తెలుసు. ఆ సింగడు గుర్రం వీపుమీద నిలబడ్డాడు, ఈ ఓబులమ్మ బాన మీద నిలబడింది. నాకింతకన్నా తేడా కనపడలేదు. నొక్కమంటారా, ప్రభూ?"

రాజు ఆ రెండు ముడుల్నీ చూశాడు, తర్వాత ఓబులమ్మ మోచేతి కట్టుని చూశాడు. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. కడుపు పట్టుకుని నవ్వాడు. తన ముత్తాత గుర్రం మీదినుంచి రెండుసార్లు పడ్డాడన్న సంగతి చంద్రుడికన్నా ఎక్కువ నచ్చిందన్నాడు.

"దిగు మాచమ్మా, దిగు. ముందా అడకత్తెర మూసెయ్."

రాత చించేశారు. రాజు ఓబులమ్మని దగ్గరికి పిలిచి, నీ ఫిర్యాదేమిటో నువ్వే చెప్పు అన్నాడు. అందరూ ఆమె గజశాల అధికారి మీద పడుతుందనుకున్నారు.

"ఏనుగు మీద నాకు కోపం లేదు సామీ, దానికీ దప్పికే," అంది ఓబులమ్మ. "దాని కాళ్లకి గొలుసు తీసి ఏట్లోకి వదలమనండి. నీళ్లు ఎక్కడుండేదీ వాసన పట్టి తన చెలమ తనే తవ్వుకుంటది. మట్టిపని నాకంటే దానికే బాగా తెలుసు. కట్టేసి నిలబెట్టి, నా చెలమ లాక్కున్నది మావటోళ్లు."

కంచె ఆ పూటే పీకేశారు. ఏనుగుని గొలుసు విప్పి ఏటికి తోలారు. ఇసకలో తొండం పెట్టి, ముంగాలితో గీరి, రెండు ఘడియల్లో నీళ్లు తీసింది. ఓబులమ్మ గట్టున నిలబడి పనివాళ్లని మెచ్చుకున్నట్టే దాన్నీ మెచ్చుకుంది.

ఇక తాడు పెంచాలి. ఓబులమ్మ వాడవాళ్లే గోగునార పేనారు. మాచమ్మ దగ్గరుండి కొలిపించింది, ఓబులమ్మ చెయ్యెత్తకుండానే అందేటట్టు. రాజు వచ్చి చూసి, తాడు కొస నేలమీద చుట్టగా మిగిలి ఉండటం గమనించి, కొలత తప్పిందేమిటన్నాడు.

"తప్పలేదు, ఒక మూర కావాలనే ఎక్కువ పేనించాను. ఇంకెవరు వస్తారో మనకేం తెలుసు."

"భట్టు చెప్పిన గాడిద కోసమా?"

"గాడిద వస్తే గాడిదకే."

రాజు మళ్లీ నవ్వి, ఏనుగు మాటేమిటి, దానికి కూడా తాడు పెంచాలా అన్నాడు.

మాచమ్మ పైకి, పట్టుతాడు వైపు చూసింది. "ఏనుగుకి మొదటినుంచీ అందుతూనే ఉంది ప్రభూ. దానిమీద కూర్చున్నవాళ్లే దాన్ని లాగనివ్వలేదు."

రాజు చేతి కంకణం తీసి ఆమెకివ్వబోయాడు. ఆమె కంకణం కళ్లకద్దుకుని పుచ్చుకుంది, మాచమ్మ సన్యాసి కాదు. దానితోపాటు ఇంకొకటి అడిగింది. ఈ ముడి సంగతి కవిలెలో ఎక్కాలి, పేర్లతో ఎక్కాలి, ఆ రాత భట్టుగారి చేత్తోనే ఉండాలి. కేశవభట్టు పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. 'ఒక పేదరాలు' అని మొదలుపెట్టాడు. రాసే గంటం పట్టుకున్న ఆయన చేతి పక్కన మాచమ్మ అడకత్తెర పెట్టింది, ఊరికే. ఆయన ఆ ఆకు పక్కనపెట్టి ఇంకో ఆకు తీశాడు.

ఆ ఆకుమీద ఇలా ఉంది: మట్టిపని ఓబులమ్మ బాన మీద నిలిచి గంట మోగించినందున, పట్టుకు నూలు, నూలుకు జనుము, జనుముకు గోగునార ముడివేసి ధర్మగంట తాడు ఆరు మూరలు పెంచడమైనది, అందులో ఒక మూర రాబోయేవారి కోసం నేలమీద చుట్టి ఉంచడమైనది, ప్లవ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ పంచమి.