సభలో పడిన గవ్వలు

కొండల అవతల, ఏ పటంలోనూ కనిపించనంత చిన్న రాజ్యం ఒకటుండేది. రాజ్యం చిన్నదే గాని రాజుగారి బిరుదులు పెద్దవి. గజకేసరి మహారాజు సభకు వచ్చేటప్పుడు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి వంటశాలలో అన్నం చల్లారిపోయేది.

ఆ రాజ్యంలో పెద్ద పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పే బడి ఒక్కటే. చెప్పేవాడు నూకయ్య పంతులు. గొంతు పెద్దది, ఓపిక తక్కువ. తెలిసి తెలిసి తప్పు చెప్పమంటే మాత్రం చచ్చినా చెప్పడు.

ఒకనాడు మంత్రి తిప్పరుసు బడి చూడ్డానికి వచ్చాడు. పంతులు పాఠంలో ఉన్నాడు.

"యవన దేశంలో, అంటే గ్రీకుల దేశంలో, ఒక పట్నం. మొదట అక్కడా రాజులే, తర్వాత దొరలు. జనం విసిగిపోయారు. కొట్లాడి కొట్లాడి, చివరికి గుట్ట మీద చేరి, యుద్ధమా సంధా అన్నది వాళ్లే చేతులెత్తి తేల్చుకోవడం మొదలుపెట్టారు. ప్రజాస్వామ్యం అనే మాట పుట్టింది అక్కడ."

"అందరూ చేతులెత్తేవారా అండీ?" అని అడిగింది పోలమ్మ అనే పిల్ల.

"లేదమ్మా. ఆడవాళ్లను రానివ్వలేదు. బానిసలను రానివ్వలేదు. సగానికి పైగా మనుషుల్ని గుట్ట కింద నిలబెట్టి, పైనున్నవాళ్లు మేమే జనం అన్నారు. అంత మంచి పనిని అంత సిగ్గుమాలిన పద్ధతిలో మొదలుపెట్టారు. రెండూ రాసుకోండి."

తిప్పరుసు ఇంక కూర్చోలేదు. పరుగున కోటకు వెళ్లి, "ప్రభూ, రాజు లేకుండా ఊరు నడుస్తుందని పిల్లలకు నేర్పుతున్నాడు!" అని రాజు చెవిలో ఊదాడు.

మధ్యాహ్నానికల్లా భటులు వచ్చారు. పిల్లలు ముత్యాల్లా రాసుకున్న కాగితాలు పరపరా చించి గోనెసంచిలో కుక్కారు. బదులుగా ఒక్క తాటాకు ఇచ్చారు. అందులో కొత్త పాఠం ఉంది: 'ఆదిలో రాజు పుట్టెను. పిమ్మట రాజును సేవించుటకు ప్రజలు పుట్టిరి.' రేపు పొద్దున్న ఇదే చెప్పాలి, లేదా దేశం విడిచిపోవాలి. అదీ ఆజ్ఞ.

మర్నాడు పంతులు బడికి పోలేదు. ఎవరూ పిలవకుండానే నేరుగా సభకు వెళ్లాడు.

"ఏమయ్యా పంతులూ, కొత్త పాఠం చెప్పావా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"లేదు మహాప్రభో. అది పాఠం కాదు."

"మరేమిటి?"

"భజన."

రాజు ముఖం కందగడ్డ అయింది.

"వెయ్యి మంది మూర్ఖులు చేతులెత్తితే అది న్యాయమైపోతుందటయ్యా? సరే, నీ పద్ధతిలోనే పోదాం. సభికులారా, ఇతన్ని దేశం నుంచి వెళ్లగొట్టాలా, వద్దా?"

"వెళ్లగొట్టాలి!" అని సభంతా ఒక్క గొంతుతో అరిచింది. చేతులన్నీ పైకి లేచాయి.

"చూశావా? నీ ప్రజాస్వామ్యం నా సభలో రోజూ నడుస్తోంది."

పంతులుకు ఒళ్లు మండింది. "మీ ముఖం చూసి లేచిన చేతులవి! నిన్న మీరు నన్ను గురువుగా ఉంచమంటే అవే చేతులు ఇంకా పైకి లేచేవి. యవనులు నేరం తేల్చేటప్పుడు ఎవరు ఏం వేశారో తెలియకుండా వేయించేవారు. ధైర్యముంటే అలా అడగండి."

"ధైర్యమా? నాకా?" రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. "అడుగు! ఇప్పుడే అడుగు!"

"అయితే సభలో ఉన్నవాళ్లందరినీ అడగాలి. వింజామరలు వీచేవాళ్లు, కావలివాళ్లు, ఊడ్చేవాళ్లు, అందర్నీ. యవనులు చేసిన తప్పు మనం చేయొద్దు."

"చీపురు పట్టే చేత్తో రాజకార్యం తేల్చడమా!" అన్నాడు తిప్పరుసు.

"ఆ చీపురు లేకపోతే మీరు ఈ సభలో ఎక్కడ కూర్చునేవారు మంత్రిగారూ?"

రాజు చెయ్యి విదిలించాడు. "వాళ్లనూ వెయ్యనీ తిప్పరుసూ. నా ఉప్పు తినేవాళ్లేగా!"

పంతులు తెరచాటున రెండు కుండలు పెట్టించాడు. ఒకటి తీర్పు కుండ, రెండోది వదిలేసే కుండ. మనిషికో గవ్వ, ఓ చింతగింజ పంచాడు. గవ్వంటే పంతులు ఉండాలి. చింతగింజంటే పోవాలి. తీర్పు కుండలో ఒకటి వేసి, మిగిలింది రెండోదాన్లో వదిలేయాలి. తెర వెనక ఎవరేం చేశారో దేవుడికి తప్ప తెలియదు.

సభలో కూర్చునేవాళ్లు అరవై మంది, నిలబడి పనిచేసేవాళ్లు నలభై మంది. వంద మందీ ఒక్కొక్కరుగా తెర వెనక్కి వెళ్లి వచ్చారు. తీర్పు కుండను రాజుగారి ఎదుటే నేల మీద బోర్లించారు. లెక్క తిప్పరుసే పెట్టాడు.

"గవ్వలు... డెబ్బై ఒకటి, ప్రభూ. చింతగింజలు ఇరవై తొమ్మిది."

"పనివాళ్లు! ఆ పనివాళ్లు ద్రోహం చేశారు!" అని అరిచాడు రాజు.

"వాళ్లు నలభై మందే కదండీ," అన్నాడు పంతులు. "నలభై మందీ గవ్వలే వేశారనుకోండి. మిగతా ముప్పై ఒక్క గవ్వలు వేసిన చేతులకు ఉంగరాలున్నాయి."

రాజు దిగ్గున లేచాడు. చెయ్యి కత్తి పిడి మీదకు పోయింది. "చింతగింజ వేసిన నమ్మకస్థులు నా కుడివైపుకు రండి! మిగిలినవాళ్ల సంగతి నేను చూస్తాను!"

ఒక్కసారి సభ సభంతా కుడివైపుకు విరుచుకుపడింది. సేనాపతి దండనాయకుణ్ణి తోశాడు. దండనాయకుడు పురోహితుణ్ణి తొక్కాడు. ఊడ్చే ముసలమ్మ చీపురుతో సహా వచ్చి నిలబడింది. అందరికన్నా ముందు చేరింది తిప్పరుసు. తోపులాటలో అతని పాదుక ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. వంద మందీ కుడివైపే. ఎడమవైపు పంతులు ఒక్కడు.

"లెక్క చూడండి మహాప్రభో," అన్నాడు పంతులు కోపంగా. "గింజలు ఇరవై తొమ్మిది. మనుషులు వంద. డెబ్బై ఒక్క అబద్ధాలు మీ పక్కన నిలబడి ఉన్నాయి. ఎవరివో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. వాళ్లను అని లాభం లేదు, ఈ చదువు చెప్పింది మీరే. నిజం రాసిన కాగితం చించితే అబద్ధమే కదా మిగిలేది! మీ ఎదుట నిలబడి అనుకున్నది అన్నవాడు ఈ సభలో ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి సరిహద్దు దాటించండి. దాటించి, వీళ్లతో రాజ్యం ఏలుకోండి!"

రాజు కత్తి పిడి వదల్లేదు. చాలాసేపు కుడివైపే చూశాడు. చెమటలు కక్కుతున్న సేనాపతిని చూశాడు. చేతిలో పాదుకతో, ముఖాన భక్తితో నిలబడ్డ తిప్పరుసును చూశాడు. చూసి చూసి, ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనతో కలిసి ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో వాళ్లకు తెలియలేదు.

"గెలిచావయ్యా! శాలువా తెండి! ఈ పంతులుకు పదెకరాల మాన్యం రాయండి!"

"శాలువా వద్దు, మాన్యం వద్దు," అన్నాడు పంతులు. కోపం ఇంకా దిగలేదు. "చించిన కాగితాలు నావి కావు, పిల్లలవి. అవి వాళ్లకు తిరిగి రావాలి. భటులతో కాదు. తమరే తేవాలి."

మర్నాడు పొద్దున్న బడి ముందు పల్లకి ఆగింది. బిరుదులు చదివేవాళ్లెవరూ వెంట రాలేదు. రాజు గోనెసంచి తానే మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. పిల్లలు కాగితాలు ఏరుకుని, చిరిగిన అంచులు కలిపి చూసుకున్నారు.

"రెండు తక్కువున్నాయి," అంది పోలమ్మ.

"మా ఆస్థాన లేఖకుడి చేత రాయించి పంపుతాను," అన్నాడు రాజు.

"వద్దండీ. మేమే రాసుకుంటాం."

రాజు కాసేపు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. "పంతులుగారూ, ఆ గుట్ట పాఠం నేనూ కూర్చుని వినొచ్చా?"

నూకయ్య పంతులు వెనక్కి తిరగకుండానే అన్నాడు, "నన్నెందుకు అడుగుతారు? వాళ్లనడగండి."

రాజు పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక, గుమ్మం ఇవతలే నిలబడి, తలపాగా తీసి చేత పట్టుకుని, పిల్లల్ని అడిగాడు.