పదిహేడో బిరుదు

ఒకానొక రాజ్యంలో కోటలు నాలుగే గానీ రాజుగారి బిరుదులు మాత్రం పదహారు. పొద్దున్నే ఆ పదహారూ ఎవరి నోటనైనా వింటే తప్ప ఉద్దండవర్మ మహారాజుకు ముద్ద దిగేది కాదు. ఆయన కొలువులో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. అక్కడ అశుభం పలకకూడదు. ఓటమి, జబ్బు, తప్పు లాంటి మాటలన్నీ గుమ్మం బయటే ఆగిపోవాలి.

ఆ కొలువుకు ఒక ఉదయం ఓబులమ్మ అనే నేత మనిషి వచ్చింది. రాజుగారికి సన్నని గుడ్డ పట్టీలు నేసివ్వడం ఆమె పని. ఆ పట్టీల మీదే ఆస్థాన పండితుడు త్రివిక్రమ భట్టు రహస్య లేఖలు రాసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. పట్టీని గుండ్రని కర్రకు అంచులు కలిసేలా చుట్టి, కర్ర పొడవునా వరసలుగా రాయాలి. విప్పితే అక్షరాలన్నీ చెదిరిపోతాయి. సరిగ్గా అంతే లావు కర్ర ఉన్నవాళ్ళే మళ్ళీ చుట్టి చదవగలరు. ఒక కర్ర కొలువులో ఉంటుంది, దాని జోడు సరిహద్దు కోటలో.

ఆ కోట ముందు శత్రువులు దిగి ఉన్నారు. తలుపులు తెరవాలో మూయాలో రేపటి నుంచి ఈ పట్టీలే చెప్పాలి. కోట కర్రను పరీక్షకని ఒక రౌతు తెచ్చాడు, మధ్యాహ్నానికల్లా తిరిగి బయలుదేరాలి. కోటలో మూడు వందల మంది ఉన్నారు. వాళ్ళకు వండిపెట్టేది ఓబులమ్మ చెల్లెలు కోనమ్మ.

భట్టు కొలువు కర్రకు పట్టీ చుట్టి, పొడవునా "జయ జయ జయ" అని నింపాడు. విప్పి, కోట కర్రకు చుట్టి, గొంతెత్తి చదివాడు.

"జయ జయ జయ!"

సభంతా చప్పట్లు. ఓబులమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె చూస్తున్నది అక్షరాలను కాదు, చుట్లను. కొలువు కర్రకు నలభై చుట్లు వచ్చిన పట్టీ కోట కర్రకు ముప్పై ఎనిమిదికే అయిపోయింది. మూడు వానాకాలాలు తడిసి ఆ కర్ర ఉబ్బింది.

"మహారాజా, ఆ కర్రను పంపకండి. అది తప్పు!"

సభ నోళ్ళు తెరుచుకున్నాయి.

"ఎవరీమె?" అన్నాడు రాజు.

"గుడ్డలు నేసే మనిషి ప్రభూ," భట్టు నవ్వాడు. "ఏ శాస్త్రం చదివావమ్మా?"

"చుట్లు లెక్కపెట్టడం వచ్చు స్వామీ. రెండు చుట్లు తేడా వచ్చింది."

"గుడ్డ సాగుతుంది, ఆడవాళ్ళ అనుమానంలాగే. అందరూ విన్నారుగా, ఒక్క అక్షరం పోయిందా?"

"మీరు రాసింది ఎటు తిప్పినా అదే కదండీ. జ పక్కన య, య పక్కన జ. కర్ర బదులు మా ఇంటి రోకలికి చుట్టినా జయమే!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గులోకి దింపారు. రాజు ముఖం ఎర్రబడింది.

"మా జయానికే వంక పెడతావా? మధ్యాహ్నం లోపల నిరూపించు. లేదంటే రౌతు వెంట నువ్వూ ఆ కోటకే పోతావు. ఆ పట్టీలు నువ్వే చదువుకుందువు గాని."

ఓబులమ్మ ఆలోచించింది. కొత్త మాట ఏది రాయించినా, అసలు రాసిందే అర్థం లేనిదని భట్టు తోసేస్తాడు. సభలో అందరికీ కంఠతా వచ్చిన మాటలే కావాలి.

"ప్రభువుల బిరుదులే రాయిద్దాం," అంది.

రాజు మీసం కదిలింది. "బాగుంది."

"రెండు మనవులు. చదివేవారు రాసేచోట ఉండకూడదు, కోటలోవాళ్ళు ఉండరు కదా. రెండోది తమ చెవిలోనే చెప్పాలి."

భట్టును పక్క గదికి పంపారు. ఓబులమ్మ ఏదో గుసగుసలాడింది. రాజు కాసేపు ఆలోచించి, ముసిముసిగా నవ్వుకుంటూ రాయసకాణ్ణి దగ్గరికి పిలిచి రాయించాడు.

భట్టు తిరిగి వచ్చి, పట్టీని కోట కర్రకు చుట్టాడు. కళ్ళు సగం మూసి అందుకున్నాడు. పదహారు బిరుదులూ ఊపిరి తిప్పుకోకుండా చదివేశాడు.

సభ మార్మోగింది. రౌతు కర్ర కోసం చెయ్యి చాచాడు. ఓబులమ్మ రాజు ముఖం వైపే చూస్తోంది. పొగడ్త విన్న మత్తులో ఆయన మరిచిపోతే?

"అంతేనా?" అన్నాడు రాజు.

"పదహారూ అయ్యాయి ప్రభూ."

"పదిహేడోదేది?"

భట్టు సగం మూసిన కళ్ళు పూర్తిగా తెరిచాడు.

"ఇవాళే పెట్టుకున్నాను. తొమ్మిదో దాని పక్కన రాయించాను. చదువు!"

భట్టు అప్పుడు మొదటిసారి పట్టీ వైపు నిజంగా చూశాడు. ఏ వరసలోనూ మొదటి మూడు నాలుగు అక్షరాలు దాటితే ఒక్క ముక్క కూడా కుదరలేదు. ఏవేవో అక్షరాలు ఒకదానికొకటి ఏమీ కాకుండా నిలబడి ఉన్నాయి.

"ఏం చదవను ప్రభూ? ఇక్కడ... ఏమీ లేదు."

"మరి ఇందాకటి పదహారూ?"

ఓబులమ్మే జవాబు చెప్పింది. "స్వామి తప్పు చదవలేదు ప్రభూ, అసలు చదవనే లేదు. మొదట్లో తెలిసిన అక్షరాలు కనపడ్డాయి, మిగతాది నోటికి వచ్చిందే అప్పజెప్పారు. కోటలో మా కోనమ్మకి మీ ఆజ్ఞ ముందే కంఠతా రాదు కదా!"

రాజు గొంతు తగ్గించి, "ఆ పదిహేడో బిరుదు ఏమని రాయించానో తెలుసా?" అన్నాడు.

"తెలియదు ప్రభూ. ఎవరికీ తెలియనిదొకటి కలపమని మాత్రమే కదా అడిగాను."

"ఎన్నడూ పొరబడనివాడు."

ఓబులమ్మ పట్టీని చేతిలోకి తీసుకుని ఒకసారి చూసింది.

"మిగతావి ఎలా ఉన్నా, ఇది మాత్రం మీ కొలువు కూడా దాటలేదు మహారాజా."

రాజు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యే వణికింది. తర్వాత భుజాలు వణికాయి. పొట్ట పట్టుకుని, కిరీటం పక్కకు ఒరిగేదాకా పగలబడి నవ్వాడు. భుజం మీది జరీ శాలువా తీసి ఆమెకు కప్పబోయాడు.

"శాలువాకు తొందర లేదండీ, ముందు ఆ రౌతును ఆపండి!"

రౌతును ఆపారు. రెండు కర్రలూ ఇత్తడితో చేయించారు. ఇకపై నాలుగు కోటలకూ పంపే కర్రలకు పరీక్ష మాటలు ఏరే పని, జీతంతో సహా ఓబులమ్మకు దక్కింది. భట్టుకు పట్టీలు చుట్టే పని. ఆస్థాన చరిత్రలో మాత్రం "మహారాజులు స్వయంగా లోపము కనిపెట్టిరి" అని రాసుకున్నారు.

ఓబులమ్మ అది చదవలేదు. పదకొండో రోజున కోట నుంచి వచ్చిన పట్టీని ఇత్తడి కర్రకు చుట్టి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది.

"అక్కా, తూర్పు తలుపు మూసే ఉంచాం. అందరం ఉన్నాం. ఉప్పు పంపు."