గుర్రప్పగారింటి కరెంటు నీళ్ళు

తూములపాడులో తెలివంటూ ఉంటే ఎవరింట్లో ఉందో గుర్రప్పని అడిగి చూడండి. "ఇంకెవరింట్లో, మా ఇంట్లోనే!" అంటాడు. పెళ్ళాం ఆదెమ్మ అవునంటుంది, తమ్ముడు చెంచయ్య ముమ్మాటికీ అవునంటాడు. వానకి తడుస్తుందని గొడుగు ఇంట్లో దాచి, తువ్వాలు కప్పుకుపోయే బాపతు మరి.

వాళ్ళమ్మాయి రాజ్యానికి ఆడపిల్ల పుట్టింది. అయితే ఆస్పత్రిలో డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "మీ బావి నీళ్ళలో నైట్రేటు ఉంది. ఆ నీళ్ళతో డబ్బాపాలు కలిపితే పసిగుడ్డు నీలంగా మారిపోతుంది. నీళ్ళు బాగుపడ్డాకే ఇంటికి తీసుకెళ్ళండి."

ఇంకేముంది, నీళ్ళు బాగుచేసే మిషను తెప్పించారు. ఇంజనీరు హిమబిందు తొట్టి బిగించి విడమరిచి చెప్పింది.

"బాబాయ్ గారూ, మీరు మిరపచేలో చల్లిన యూరియాయే నైట్రేటయి బావిలోకి దిగింది. తొట్టిలో నీళ్ళు పోసి లోపలి రేకులకి కరెంటు పెడితే, అది గాలిగా మారి పైకి పోతుంది. తర్వాత ఈ కాగితం ముంచండి. గులాబీరంగు వస్తే తాగొద్దు. రాకపోతే మంచివే."

ఆ పిల్ల అటు వెళ్ళిందో లేదో, గుర్రప్ప గుండెలు బాదుకున్నాడు. "మన యూరియా గాల్లో పోతే పక్క చేనువాడికి ఊరికే దక్కదుటే!"

అంతే, తొట్టికి మూతేసి చెంచయ్యని దానిమీద కూర్చోబెట్టారు. లోపల బుడగలు పొంగాయి, మూత ఎగిరింది, చెంచయ్య పోయి పేడకుప్పలో పడ్డాడు.

"అన్నయ్యా, యూరియా నాకు బాగా తగిలింది. ఏపుగా పెరుగుతానంటావా?"

"పెరిగితే కొత్త చొక్కాలు కుట్టిద్దాంలే, ముందు లే!"

కాగితం ముంచితే గులాబీరంగు. ఇంకోటి ముంచినా గులాబీయే. ఆదెమ్మకి ఒళ్ళు మండింది. "నీళ్ళలో ముంచితే రంగు రాదూ మరి! ఖాళీ చెంబులో ముంచండి." ముంచారు. రంగు రాలేదు! ముగ్గురూ గంతులేసి హిమబిందుకి ఫోన్ కొట్టారు. జరిగిందంతా విని పాపం ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది.

"మూత తీసి, మళ్ళీ కరెంటు పెట్టి, దేన్నీ ముట్టుకోకుండా దూరంగా కూర్చోండి తల్లీ!"

కూర్చున్నారు. ఈసారి తొట్టిలో ముంచిన కాగితం తెల్లగానే ఉంది. "నా బంగారుతల్లి ఇంటికొస్తోంది!" అని ఆదెమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. వెంటనే రాజ్యానికి కబురు పెట్టారు.

రాజ్యం ఆటో దిగేసరికి పిల్ల ఆకలికి కేర్‌మంటోంది. పాలడబ్బా తీసి, "అమ్మా, ఆ మంచినీళ్ళేవి?" అంది.

"తొట్టిలో ఉంచితే కాకులు ముట్టవూ? చుక్క ఒలకకుండా అన్నీ బావిలో పోసి దాచామే!" అంది ఆదెమ్మ మురిసిపోతూ.

రాజ్యం పిల్లనెత్తుకుని మళ్ళీ ఆటో ఎక్కేసింది. గుర్రప్ప చేద పట్టుకుని ఆటో వెంట పరుగు.

"ఆగవే పిచ్చిమొహమా! మంచినీళ్ళు మేం పైనుంచే పోశాం. పైపైన తోడుకుంటే సరి!"