గంజి పట్టిందో లేదో

శ్రావణం మొదటి సోమవారం పొద్దుటి షిఫ్టులో అన్యాయం జరిగింది విరజకు. కనీసం ఆమె అలాగే నమ్మింది. ఎక్కువ శ్రద్ధ పెట్టినందుకు సరుకు ఆపేస్తారా ఎక్కడైనా?

అంతకుముందు ఆమె కలిపిన జ్వరం మాత్రలు డబ్బాల్లోనే పిండిగా రాలిపోయాయి. మందుపొడి ముద్దకట్టడానికి గంజి పోసి మిక్సర్ తిప్పేది ఆమే గనక నింద ఆమె మీదే పడింది. ఇంకోసారి చెడితే మిక్సర్ దగ్గర్నుంచి తీసేస్తామన్నారు. అందుకని ఈసారి గంజి పట్టిందో లేదో అని ఇంకాసేపు, అంతటా అందిందో లేదో అని మరికాసేపు తిప్పింది. మాత్రలు నున్నగా, గచ్చు మీద విసిరినా పగలకుండా వచ్చాయి. నున్నగా ఉన్నదల్లా మంచిదనుకునే లోకం కదా, చూసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. హైమవతి గారు మాత్రం వాటిని గుమ్మం దాటనివ్వలేదు.

ఆ మందుల ఫ్యాక్టరీలో సగం మందికి పని నేర్పింది ఆవిడే. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన మాత్రం పోలేదు.

"తక్కువ కలిపితే తప్పన్నారు. ఎక్కువ కలిపితే తప్పెలా అవుతుంది మేడమ్?" అడిగింది విరజ.

ఆవిడ రెండు గ్లాసుల్లో గోరువెచ్చటి నీళ్లు పోయించి, ఒకదాంట్లో పాత మంచి మాత్ర, రెండోదాంట్లో విరజ మాత్ర వేసింది. "ఇంట్లో పిల్లకి జ్వరం అనుకో. మాత్ర వేశావు. ఇక కూర్చో."

పాతది ఉబ్బి, విడిపోయి, నీళ్లలో కలిసిపోయింది. విరజది అడుగున గులకరాయిలా కూర్చుంది. కాలిపోతున్న పిల్ల నుదుటి మీద చెయ్యేసి ఎవరో తనవంకే చూస్తున్నట్టనిపించింది విరజకు. ఉండబట్టలేక గ్లాసు కదపబోయింది.

"కడుపులో కూడా చెయ్యి పెట్టి తిప్పుతావా?" అంది హైమవతి గారు. "ఆఖర్న తిప్పిన ఆ కాసేపు మందు కోసమా, నీ కోసమా?"

విరజ గ్లాసు మీంచి చెయ్యి తీసేసింది.

మర్నాడు ఆవిడ మళ్లీ విరజనే మిక్సర్ దగ్గర నిలబెట్టింది. విరజ మిక్సర్ ఆపి, పిడికెడు తడిపొడి తీసి నొక్కింది. ముద్ద నిలిచింది. బొటనవేలు ఆనిస్తే విరిగింది. చాలని చెయ్యి చెబుతోంది. అయినా వేలు మళ్లీ బటన్ మీదికే పోయింది.

"ఇంకొక్కసారి తిప్పనా మేడమ్? లోపల భయంగానే ఉంది."

"లోపల అదెలాగూ తిరుగుతూనే ఉంటుంది," అంది ఆవిడ. "దానికి తోడుగా మిషనెందుకు?"